గుమాస్తాగా వచ్చి వజీరైన మీర్ జుమ్లా

మనలో చాలామందిమి చిన్నదో పెద్దదో ఏదో ఒక వ్యాపారం మీద బతుకుతున్నవాళ్లం. మిర్చి ధర ఇవాళ ఉన్నట్టు రేపు ఉండదు. నిన్నటిదాకా మన దగ్గర కొన్నవాడు ఇవాళ ఇంకో కొట్టుకు పోతాడు. నమ్మిన పనివాడు పండగ వెళ్లగానే మానేస్తాడు. ఈ చిక్కులు కొత్తవి కావు. దాదాపు నాలుగు వందల ఏళ్ల కిందట మన గడ్డ మీద ఇలాంటి చిక్కుల మధ్యనే పైకి వచ్చిన ఒక ముస్లిం వర్తకుడి కథ మన పిల్లలకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన అసలు పేరు మహమ్మద్ సయీద్. మీర్ జుమ్లా అన్నది తరవాత వచ్చిన కొలువు బిరుదు. ఇరాన్ దేశంలో ఇస్ఫహాన్ దగ్గర అర్దిస్తాన్ అనే ఊళ్లో 1591 ప్రాంతంలో పుట్టాడు. సయ్యదులే గాని బీదవాళ్లు, తండ్రి నూనె వర్తకుడు. నాలుగక్షరాలు నేర్చుకుని ఒక వజ్రాల వర్తకుడి దగ్గర గుమాస్తాగా కుదిరి, ఆ పనిమీదే గోల్కొండ రాజ్యానికి చేరాడు.

అప్పటికి ఇక్కడి వ్యాపారం తీరే మారిపోతున్నది. మన పొన్నూరుకు ఆగ్నేయంగా సముద్రపు ఒడ్డున ఉన్న నిజాంపట్నంలో డచ్చివారు 1606లోనే కోఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చి నిజాంపట్నంలోనూ మచిలీపట్నంలోనూ దిగారు. మన సాలెవాళ్లు నేసిన బట్టకు సముద్రాల అవతల గిరాకీ పుట్టింది. ఇంకోపక్క కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో వజ్రాలు తవ్వుతున్నారు. అక్కడ అరవైవేలమంది పనిచేస్తున్నట్టు ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది.

గుమాస్తాగా వజ్రం రాయి చూసి విలువ కట్టడం నేర్చినవాడు, సొంతంగా గనులు గుత్తకు పట్టాడు. చేతిలో డబ్బు ఆడేసరికి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో అడుగుపెట్టాడు. 1630లలో మచిలీపట్నం అధికారి అయ్యాడు, ఆ తరవాత రాజ్యానికే పెద్ద మంత్రి అయ్యాడు. పదవి వచ్చిందని వ్యాపారం వదల్లేదు. సొంత ఓడలే పది దాకా ఉండేవి. అవి ఇరాన్‌కు, అరేబియాకు, పెగూకు, అచేకు సరుకు వేసుకుని పోయేవి. సముద్రం మీద తమ రహదారి చీటీ లేనిదే ఓడ కదలకూడదని డచ్చివారు పట్టుబట్టేవారు. సముద్రం మీద వాళ్ల బలం ఎక్కువని ఆయనకు తెలుసు. కాని వాళ్లకు కావలసిన బట్ట నేల మీద ఉంది, ఆ నేల మీద అధికారం తనది. ఓడల దగ్గర పేచీ వస్తే ఇక్కడ బట్టల బేరం దగ్గర బిగించేవాడు.

1642 నుంచి కర్ణాటక దండయాత్ర నడిపి ఉదయగిరి, చివరకు 1650లో గండికోట పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే ఆ కోటలోనే ఆయన్ని చూశాడు. నవాబు చెప్పుల్లేకుండా నేల మీద కూర్చున్నాడట. కాలివేళ్ల మధ్యా, ఎడమచేతి వేళ్ల మధ్యా ఉత్తరాలు గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చదవడం, అక్కడికక్కడే జవాబు చెప్పడం, పక్కన ఇద్దరు రాయసగాళ్లు రాయడం. రేపు చూద్దాం అన్న మాట లేదు. మన కొట్లల్లో మేకుకు గుచ్చిన కాగితాలు నెలల తరబడి అలాగే వేలాడుతుంటాయి, అందుకే ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాను.

మనుషుల్ని ఎంచుకోవడంలో మతమూ దేశమూ చూడలేదు. ఫిరంగులు కాల్చే పని తెలిసిన ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి, ఇటలీ వాళ్లను జీతాలకు పెట్టుకున్నాడు. కర్ణాటకంలో ఆయన సేనలకు నాయకుడు తుపాకి కృష్ణప్ప.

ఇంత మంచి చెప్పినవాణ్ణి చెడు దాచకూడదు. ఫిరంగులు పోతపోయడానికి గుళ్లలోని లోహ విగ్రహాలు తెప్పించాడని టావెర్నియే రాశాడు. మన ఊళ్లలో గుడీ మసీదూ పక్కపక్కనే ఉండగా ఇది తప్పు కాదని మనం అనలేం. పైగా ఆ పోత పనీ సాగలేదు. రెండోది, తన ఏలుబడిలో నేసిన బట్టంతా తానే కొని కంపెనీలకు తన ధరకే అమ్మాలని చూశాడు. కంపెనీవాళ్లు గోల పెట్టారు, వాళ్ల సంగతి అలా ఉంచండి. కొనేవాడు ఒక్కడే అయితే నేసేవాడి గతేమిటి? 1646-47లో ఈ తీరమంతా కరువుతో అల్లాడింది. అలాంటి రోజుల్లో సాలెవాడికి ఇంకో గుమ్మం లేకుండా చేయడం ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.

అన్ని ఊళ్లవాళ్లనూ అదుపులో పెట్టగలిగినవాడు కొడుకును అదుపులో పెట్టలేకపోయాడు. కొడుకు మహమ్మద్ అమీన్ ఒకరోజు తాగిన మైకంలో దర్బారుకు వెళ్లి సుల్తాను గద్దె మీదే పడి నిద్రపోయాడు, దాన్ని పాడుచేశాడు కూడా. మంత్రి బలం చూసి ముందునుంచే గుబులుపడుతున్న సుల్తానుకు సాకు దొరికింది. 1655 నవంబరులో కుటుంబాన్నంతా ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా అప్పటికే ఔరంగజేబుతో ఉత్తరాలు నడుపుతున్నాడు. 1656లో మొగలు సేన గోల్కొండను ముట్టడించింది, ఇంటివాళ్లు విడుదలయ్యారు. ఆయన ఢిల్లీ వెళ్లి షాజహానుకు వజ్రాలు నజరానా ఇచ్చి వజీరయ్యాడు. కర్ణాటకం జాగీరుగా దక్కింది. ఉప్పు తిన్న సుల్తానుకు ద్రోహం చేశాడని కొందరంటారు. పెళ్లాం బిడ్డలు చెరలో ఉంటే ఏం చేస్తాడని కొందరంటారు. నా మట్టుకు నాకు, ఉత్తరాలు ముందే నడవడం మింగుడుపడదు.

ఆయన లేని అదను చూసి 1656లో చెన్నపట్నం ఇంగ్లీషువారు ఆయన ఓడ ఒకటి పట్టుకున్నారు. యజమాని వెయ్యి మైళ్ల దూరాన ఉన్నాడు. అయినా ఇక్కడి ఉద్యోగులు చెదిరిపోలేదు. బాలారావు అనే అధికారి 1657లో కోటను చుట్టుముట్టాడు. 1658లో రాజీ కుదిరింది, ఏటా 380 వరహాలు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. ఆయన మనుషుల్ని ఎలా తయారుచేశాడో చెప్పడానికి నాకు గండికోట కంటే ఇదే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది.

తరవాత కథ మన ప్రాంతానిది కాదు. ఔరంగజేబు పక్షాన యుద్ధాలు చేసి 1660లో బంగాళా సుబేదారయ్యాడు, రాజధానిని ఢాకాకు మార్చాడు. 1662 మార్చిలో అస్సాం రాజధాని గఢ్‌గావ్ పట్టుకున్నాడు. కాని వానలు మొదలై దారులు మూసుకుపోయాయి, తిండి కరువైంది, రోగాలు వచ్చి సైనికులు రాలిపోయారు. డెబ్బయ్యేళ్ల ముసలివాడు సేనను వదిలి రాలేదు. 1663 జనవరిలో సంధి చేసుకుని, అప్పటికే జబ్బుపడి, తిరుగు దారిలో మార్చి ఆఖరున కన్నుమూశాడు. అస్సాంలో మన్కాచర్ దగ్గర గుట్ట మీద ఆయనదని చెప్పే సమాధి ఉంది. గద్దె మీద పడి నిద్రపోయిన ఆ కొడుకే తరవాత ఔరంగజేబు కొలువులో పెద్ద పదవులు చేసి, గుజరాత్ సుబేదారుగా ఉంటూ 1682లో అహమ్మదాబాదులో పోయాడు.