ప్రమథనాథ్ బోస్

విశాఖపట్నం రేవుకు ఎర్రని ఖనిజంతో వచ్చే గూడ్సు బండ్లను మీరు చూసి ఉండవచ్చు. ఆ ఖనిజం బస్తర్‌లోని బైలదిలా కొండలది. బైలదిలా అంటే ఎద్దు మూపురం. కొండల ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు అది. ఆ కొండల్లో మేలైన ఇనుము ఉన్నదని 19వ శతాబ్దం చివర ప్రభుత్వ సర్వేకు తెలియజేసిన వారు ప్రమథనాథ్ బోస్. రాళ్ళను కరిగించి ఇనుము తీసే బస్తర్ కొలిమివారికి ఆ రాయి అంతకుముందే తెలుసు. ఈ మాట కూడా మనం గుర్తుంచుకోవాలి.

బోస్ 1855లో బెంగాల్‌లో పుట్టారు. ఉపకారవేతనంతో లండన్ వెళ్ళి భూగర్భశాస్త్రం చదివారు. 1880లో భారత భూగర్భ సర్వేలో చేరారు. ఎన్నో ఏళ్ళు అడవులలో, వాగులలో తిరిగారు. 1887లో దుర్గ్ ప్రాంతపు రాజ్‌హరా ఇనుమును గుర్తించారు. ఇంత పనిచేసినా ఏమైందో చూడండి. 1903లో సర్వే అధిపతి పదవి ఖాళీ అయినప్పుడు, ఆయనకన్నా పదేళ్ళు తరువాత చేరిన థామస్ హాలండ్‌కు దానిని ఇచ్చారు. బోస్ రాజీనామా చేశారు. మయూర్‌భంజ్ సంస్థానంలో చేరి, గోరుమహిసాని కొండ ఇనుమును కనుగొన్నారు. 1904 ఫిబ్రవరిలో ఆ సంగతి జంషెడ్‌జీ టాటాకు ఉత్తరం ద్వారా తెలిపారు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడటానికి ఆ ఉత్తరం దారి చూపింది. బోస్ 1934లో రాంచీలో మరణించారు.

బైలదిలాలో పెద్ద ఎత్తున తవ్వకం 1960లలో మొదలైంది. ఖనిజాన్ని కడిగిన మెత్తని ఎర్రపొడి శంఖిని నదిలోకి చేరి నీరు ఎర్రబడింది. ఆ నీటినే వాడుకునే పల్లెల వారు ఎంత ఇబ్బంది పడి ఉంటారో ఊహించండి.

రంగు ఒక్కటే సమస్య కాదు. నది అడుగు మట్టిని గురించి కొంచెం ఆలోచించండి. ఇనుప తుప్పు రేణువులు చాలా చిన్నవి. అందువల్ల వాటి మొత్తం ఉపరితలం చాలా ఎక్కువ. నీటిలో అతి కొద్దిగా ఉండే రాగి, సీసం, ఆర్సెనిక్ వంటివి ఆ ఉపరితలానికి అంటుకుంటాయి. పైన నీరు తేటగా కనిపిస్తుంది, లోహాలు మాత్రం అడుగున చేరుతాయి. బురద లోతున ప్రాణవాయువు తగ్గినప్పుడు సూక్ష్మజీవుల వల్ల తుప్పు కరుగుతుంది. అప్పుడు అంటుకున్నవి మళ్ళీ నీటిలోకి వస్తాయి. అందుకే నీటితోపాటు అడుగు మట్టిని కూడా పరీక్షించాలి.

శంఖిని దంతెవాడ దగ్గర డంకినితో కలుస్తుంది. ఆ నీరు ఇంద్రావతిలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి వస్తుంది.