మూడుమారు లోడిన బ్రయను

1908లో విలియం జెన్నింగ్సు బ్రయను అమెరికా అధ్యక్షపదవికై మూడవమారు నిలిచి, మూడవమారును ఓడెను. టాఫ్టునకు 321 నియోజక వోట్లు, ఈయనకు 162. అంతకుముందు 1896, 1900 ఎన్నికలలో మెకిన్లీచేత పరాజితుడయ్యెను. గెలిచినవారి నటుండనిండు, మనకు కావలసినవా డీ వాగ్మియే. 1906లో హిందూదేశమునకు వచ్చి, రైతుపై పన్నుల భారమును, సైనికవ్యయమును, విద్యాలేమిని పరిశీలించి, ఆంగ్లపాలనను నిశితముగ ఖండించుచు వ్యాసము ప్రకటించెను. మరల అధ్యక్షపదవికి పోటీచేయనున్నవా డట్లు వ్రాయుట సామాన్యమా?

అయినను స్వదేశమున దక్షిణరాష్ట్రములు నల్లజాతివారి వోటుహక్కును హరించుచుండగా ఆయన ప్రతిఘటింపలేదు. ఆ రాష్ట్రములే ఆయన బలము! 1913లో విల్సను ప్రభుత్వమున విదేశాంగమంత్రి యయ్యెను. జర్మనీకి పంపదలచిన లేఖ యుద్ధమునకు దారితీయునని తలచి, సంతకము చేయనొల్లక, 1915 జూనులో పదవిని విడిచెను. 1925 జులై 26న టెనెసీలోని డేటనులో మరణించెను.