నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి జీవితం - మన ఊరికి ఒక పాఠం

నవంబరు నెల వచ్చిందంటే మన ముత్తుకూరు వాళ్ళకు కంటి మీద కునుకు ఉండదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కృష్ణపట్నం ఉప్పుటేరు, పైనుంచి దిగే వాననీళ్ళు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను మనం మరిచిపోలేదు. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఒకనాడు క్లాసులో ఒక పిల్లవాడు లేచి, అంత పెద్ద డ్యాం ఉండగా వరద ఎందుకు వచ్చింది సార్ అని అడిగాడు. మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ఒక మహనీయుని జీవితం చెప్పాలి.

వారే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులోను, మదరసా-ఎ-ఆలియాలోను చదివారు. చదువులో చురుకు గనుక సర్కారు స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లాండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళారు. 1899లో తిరిగివచ్చి నిజాం సర్కారు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. నవాబు అనే బిరుదు తర్వాత వచ్చింది. ముందు ఆయన ఎండలో గొలుసు పట్టుకుని భూమి కొలిచిన ఉద్యోగి.

ఆయనకు 31 ఏళ్ళ వయసులో, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగింది. దాదాపు 15 వేల మంది పోయారని అంచనా. వంతెనలు తెగిపోయాయి, పేటలకు పేటలే నీళ్ళలో కలిసిపోయాయి. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండేవి. వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి, అదీ తెగుతుంది. ఎక్కడో పల్లెలో కట్ట గట్టిగా లేకపోతే పట్నంలో ప్రాణాలు పోతాయన్నమాట.

మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరద నీటిని అక్కడ ఆపి మెల్లగా వదలాలని ఆయన పథకం వేశారు. నగరంలో నది ఒడ్డులు కట్టడి చెయ్యాలని, మురుగుకాలువలు వెయ్యాలని కూడా చెప్పారు. 1909 చివరలోనే ఆయన మైసూరు కొలువుకు వెళ్ళిపోయారు. కాగితం మిగిలింది. ఇక పని చెయ్యవలసింది ఇక్కడ ఉన్నవాళ్ళే.

1912లో నగరాన్ని బాగుచెయ్యడానికి ఒక బోర్డు పెట్టారు. ఉర్దూలో దానిపేరు ఆరాయిష్-ఎ-బల్దా, అంటే నగరానికి సింగారం. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ఇది ఒక్కరి పని కాదు, ఎందరో ఇంజనీర్ల చేతులు పడ్డాయి. ఆ శాఖలోనే మెట్టుమెట్టుగా ఎదిగి చీఫ్ ఇంజనీరై, ఈ పనులను ముందుకు నడిపించిన వారిలో అలీ నవాజ్ జంగ్ గారు ముఖ్యులు. వరద వచ్చిన రోజు నుంచి రెండో జలాశయం అయ్యేదాకా 19 ఏళ్ళు! జనం మరిచిపోయినా ఆఫీసులో ఫైలు మరవలేదు. అదీ వారి గొప్పతనం.

మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931కి పూర్తిచేసిన నిజాం సాగర్ వారికి శాశ్వత కీర్తి తెచ్చింది. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీరివ్వడానికి కట్టిన ప్రాజెక్టు అది. తుంగభద్ర నీళ్ళ గురించి మద్రాసు ప్రభుత్వంతో జరిగిన సంప్రదింపులలో హైదరాబాదు పక్షాన కూర్చున్నారు. అప్పట్లో మన నెల్లూరు మద్రాసు కిందే కదా! 1938లో కాంగ్రెసు ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, సాగునీటి ఉపసంఘానికి వారినే అధ్యక్షునిగా పెట్టారు. 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి జూలై 11ని ఇంజనీర్ల దినంగా జరుపుతోంది.

ఇక పిల్లవాడి ప్రశ్నకు జవాబు. డ్యాం వరదను తగ్గిస్తుంది గాని, లేకుండా చెయ్యలేదు. నిండిన తర్వాత గేట్లు ఎత్తవలసిందే. వరద పట్టాలంటే డ్యాంలో ముందే చోటు ఖాళీగా ఉంచాలి, తాగడానికి, పంటకు కావాలంటే నిండుగా ఉంచాలి. ఈ రెండింటి మధ్యే ఇంజనీరు నలిగిపోతాడు. దిగువన మనం ఏం చేస్తాము? నాలుగేళ్ళు ఏరు ఎండితే చాలు, అందులోనే గోడ లేపుతాము. మూసీ ఒడ్డున అదే జరిగింది. 2020 అక్టోబరులో హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తేసరికి నది తన దారి తాను అడిగింది.

2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ ఉంటుంది. స్థానిక సంస్థలకూ బాధ్యతలు పెట్టారు. అయితే ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉంది, ఏ ఇంట్లో బాలింత ఉంది అన్నది కలెక్టరు గారికి ఎట్లా తెలుస్తుంది? పంచాయతీకి తెలియాలి, మనకు తెలియాలి. సెప్టెంబరులోనే కాలువల పూడిక తీయించాలని గ్రామసభలో అడుగుదాము. కాలువ పోరంబోకులో కట్టేది మనవాడైనా సరే, వద్దని చెబుదాము. తుపాను రాత్రి ఎవరు ఏ బడికి చేరాలి, ఆ బడి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఈ రెండూ రాసి మసీదు దగ్గర, పంచాయతీ ఆఫీసు దగ్గర అంటిద్దాము.

ఆ మహనీయుడు 19 ఏళ్ళు మరవకుండా పనిచేసిన శాఖకు చెందినవాడు. మనం ఏటా ఒక్క నెల గుర్తుపెట్టుకుంటే చాలు.