బోలు సూది హకీం అమ్మార్

కంటి శుక్లాన్ని పీల్చి తీయడం ఈ కాలపు విద్య అనుకుంటాం మనం. మౌసిల్‌లో పుట్టి, ఊరూరా వైద్యం చేస్తూ ఈజిప్టు చేరిన అమ్మార్ బిన్ అలీ ఆ పని వెయ్యేళ్ళ క్రితమే చేశారు. ఖలీఫా అల్ హాకిమ్ (996-1021) కాలంలో ఆయన రాసిన నేత్రవైద్య గ్రంథంలో ఆ వివరం ఉంది.

అప్పటి హకీంలు శుక్లాన్ని సూదితో కంట్లోనే కిందికి నెట్టేవారు. అది మళ్ళీ లేవకుండా రోగి కదలకుండా వెల్లకిలా పడుకోవాలి. తబరియ్యాలో ఒకాయన వచ్చి, ఏం చేసినా సరే, వెల్లకిలా మాత్రం పడుకోలేనన్నాడు. వేరొకరైతే తిప్పి పంపేవారేమో! అమ్మార్ తన బోలు సూదిని తొలిసారి ఆ కంట్లోనే వాడి శుక్లాన్ని తీసేశారు. మనిషి కంటిమీద కొత్త పనిముట్టు వాడడం, దానికి అతను ఒప్పుకోవడం, రెండూ చిన్న విషయాలు కావు. వెంటనే చూపు వచ్చింది. ఏడు రోజులు కట్టు ఉంచారు. నిద్ర మాత్రం అతనికి వీలైనట్టే. ఆ తర్వాత ఈజిప్టులో ఎందరికో అదే సూదితో వైద్యం చేశారు.