ఇందులేఖకు ప్రాణం పోసిన న్యాయాధికారి చందు మేనన్

మలయాళంలో సమగ్ర లక్షణాలు గల తొలి నవలగా పేరొందిన ‘ఇందులేఖ’ 1889లో వెలువడింది. రచయిత ఒయ్యారత్తు చందు మేనన్ వృత్తిరీత్యా న్యాయాధికారి. తనకు తగిన వరుణ్ణి తానే ఎంచుకునే హక్కు స్త్రీకి ఉందని ఆయన కథలో చెప్పారు. స్త్రీ గౌరవం గురించి ఆ కథలో లేవనెత్తిన వాదాన్నే రెండేళ్ల తరువాత ప్రభుత్వ సంఘం ఎదుట కూడా వినిపించారు.

1847లో జన్మించిన చందు మేనన్ కోర్టు గుమాస్తాగా ఉద్యోగం ప్రారంభించి మున్సిఫ్ స్థాయికి ఎదిగారు. ఆంగ్ల నవలలంటే ఆయనకు ఎంతో మక్కువ. వాటిలోని కథలను భార్యకు మలయాళంలో వినిపించేవారు. డిజ్రేలీ నవల ‘హెన్రియెట్టా టెంపుల్’ అనువాదానికి పూనుకున్నా, అది తృప్తినివ్వలేదు. అప్పుడు సొంత కథకే ఉపక్రమించారు. పరప్పనంగాడిలో మున్సిఫ్‌గా ఉంటూ, సుమారు రెండు నెలల్లో రచన ముగించారు. మరుసటి ఏడాదే మలబారు కలెక్టరు డూమర్గ్ దానిని ఆంగ్లంలోకి అనువదించారు.

ఆనాటి నాయర్ కుటుంబాలలో వంశం తల్లి వైపు నుంచి సాగేది. అధికారం మాత్రం ఇంటి పెద్ద అయిన పురుషుడిదే. నాయర్ స్త్రీలు నంబూద్రి బ్రాహ్మణులతో ‘సంబంధం’ కలుపుకోవడం ఆచారం. ఆంగ్లం, సంస్కృతం, సంగీతం నేర్చిన ఇందులేఖ మనసు మాధవన్‌పై నిలిచింది. తాతగారైన పంచు మేనన్ ఆ పెళ్లి జరగనివ్వనని శపథం పట్టి, ధనికుడైన సూరి నంబూద్రిని ఇంటికి రప్పించారు. ఇందులేఖ అతణ్ణి నిర్భయంగా తిరస్కరించింది. మలబారు స్త్రీల నడవడిని తక్కువ చేసి మాట్లాడినప్పుడు మాధవన్‌ను సైతం ఆమె ఉపేక్షించలేదు. నచ్చని బంధాన్ని విడిచే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన శీలం లేదనడం అన్యాయమని వాదించింది.

బ్రిటిష్ న్యాయస్థానాలు సంబంధాన్ని చట్టబద్ధ వివాహంగా గుర్తించలేదు. ఈ అంశాన్ని పరిశీలించేందుకు 1891లో న్యాయమూర్తి టి. ముత్తుస్వామి అయ్యర్ అధ్యక్షతన మలబారు వివాహ సంఘం ఏర్పాటైంది. అందులో సభ్యుడైన చందు మేనన్ తన అసమ్మతిని నమోదు చేశారు. సంబంధం నిజమైన వివాహమేనని, దానిని అక్రమ బంధంగా చూడటం అక్కడి స్త్రీలకు అవమానమని ఆయన భావించారు. 1896లో వివాహాల నమోదుకు చట్టం వచ్చినా, దానిని వినియోగించుకున్నవారు బహు స్వల్పం.

స్త్రీవాద దృష్టితో చదివేవారికి ఈ నవలలో మరో బాలిక కనిపిస్తుంది. ఆమె పేరు కల్యాణికుట్టి. ఇందులేఖ కాదనగా, పరువు దక్కించుకోవడానికి నంబూద్రి అదే ఇంటిలోని ఈ బాలికను చేసుకుని తీసుకువెళ్లాడు. ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. చదువు, అండగా నిలిచే బంధువులు ఉన్న ఇందులేఖ కాదనగలిగింది. అవి లేని కల్యాణికుట్టికి నోరు విప్పే అవకాశమే రాలేదు. ఒకే కప్పు కింద రెండు గతులను చూపడం వల్లనే ఈ నవల ప్రేమకథగా మాత్రమే మిగిలిపోలేదు.

1892లో చందు మేనన్ రెండవ నవల ‘శారద’ తొలి భాగం వెలువడింది. అది పూర్తికాకుండానే 1899 సెప్టెంబర్ 7న, 52 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ‘ఇందులేఖ’ మాత్రం నేటికీ పునర్ముద్రణలు పొందుతూ, కేరళలో స్త్రీవిద్య, వివాహ స్వేచ్ఛలపై జరిగే చర్చల్లో ప్రస్తావనకు వస్తూనే ఉంది.