ఒంటికంటి డాక్టరు బర్కిట్, పెద్దపేగులో సంచులు

పెద్దపేగు గోడ బలహీనంగా ఉన్నచోట చిన్న సంచుల్లా బయటికి ఉబ్బుతుంది. వీటిని డాక్టర్లు డైవర్టిక్యులా అంటారు. చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు. కొందరికి మాత్రం వాచి, చీము పట్టి, నొప్పీ జ్వరమూ వస్తాయి. ఒక్కోసారి రక్తం పోతుంది. దీనికి తిండే కారణమని దేశదేశాలూ తిరిగి చెప్పినవారు డెనిస్ బర్కిట్. ఆయన మాట ఎంతవరకు నిలిచిందో, రాగిసంగటి వదిలి తెల్లన్నానికి అలవాటుపడ్డ మన ఇళ్లకూ తెలియాలి.

బర్కిట్ 1911 ఫిబ్రవరి 28న ఐర్లండులోని ఎనిస్కిల్లెన్‌లో పుట్టారు. తండ్రి ఇంజనీరు. పిట్టల కాళ్లకు చిన్న కడియాలు తొడిగి ఏది ఎక్కడ తిరుగుతుందో పటం గీసేవారు. ఆ పటాల పిచ్చే కొడుక్కీ వచ్చిందని మాకనిపిస్తుంది. పదకొండేళ్లప్పుడు ప్రమాదంలో బర్కిట్‌కు ఒక కన్ను పోయింది. డబ్లిన్‌లో ఇంజనీరింగు మొదలుపెట్టి, మధ్యలో వైద్యానికి మారి, 1935లో డాక్టరయ్యారు. ఒంటికంటి సర్జను పనికిరాడని వలస ప్రభుత్వం ఒకసారి దరఖాస్తు తిప్పికొట్టింది కూడా. యుద్ధంలో సైనిక డాక్టరుగా పనిచేశాక 1946లో ఉగాండా చేరారు.

అక్కడి పిల్లల దవడల్లో వచ్చే కణితిని ఆయన 1958లో లోకానికి వివరించారు. అది ఏ ఊళ్లలో ఉంది, ఏ ఊళ్లలో లేదు అని తెలుసుకోవడానికి 1961లో ఇద్దరు మిత్రులతో పాత కారులో దాదాపు 10,000 మైళ్లు తిరిగారు. ఆ క్యాన్సరు నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

1966లో ఇంగ్లండు వచ్చేశాక క్లీవ్ అనే నౌకాదళ డాక్టరు పరిచయమయ్యారు. పొట్టు తీసిన పిండి, పంచదారే నాగరిక దేశాల జబ్బులకు మూలమని క్లీవ్ వాదన. బర్కిట్‌కు తన ఉగాండా రోజులు గుర్తొచ్చాయి. ఇంగ్లండులో పెద్దవయసువారి పేగుల్లో మామూలుగా కనిపించే ఈ సంచులు అక్కడి పల్లెజనంలో దాదాపు లేనేలేవు. ఇక మళ్లీ పాత పద్ధతే. దూరదేశాల ఆసుపత్రులకు ఉత్తరాలు రాసి ఏ జబ్బు ఎక్కడుందో లెక్క తీశారు.

1971లో నీల్ పెయింటర్ అనే సర్జనుతో కలిసి కారణం చెప్పారు. పీచు తగ్గితే మలం చిన్నదై గట్టిపడుతుంది. దాన్ని నెట్టడానికి పేగు బిగుసుకుంటుంది. లోపలి ఒత్తిడికి, రక్తనాళాలు గోడలోకి దూరే బలహీనమైన చోట్ల సంచులు పొడుచుకొస్తాయి. రుజువు కోసం ఆయన మలం తూచారు, తిన్నది బయటికి రావడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కించారు. ఉగాండా పల్లెల్లో రోజుకు సుమారు 470 గ్రాములు, 36 గంటలు; ఇంగ్లండు నావికుల్లో 104 గ్రాములు, 83 గంటలు. సభల్లో మలం ఫొటోలు చూపించడానికి కూడా ఆయన మొహమాటపడలేదు.

వంశపారంపర్యం మాటను ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆఫ్రికా మూలాలున్న అమెరికా నల్లజాతివారికీ ఈ జబ్బు వస్తోంది కదా, రక్తం మారలేదు, తిండే మారింది అన్నది ఆయన తర్కం. వాదన బలమైనదే. అయితే సగమే చెప్పింది.

1993 మార్చి 23న బర్కిట్ కన్నుమూశారు. ఆ తర్వాత స్వీడన్, డెన్మార్క్ కవలల లెక్కలు చూస్తే, ఈ జబ్బు ఎవరికి వస్తుందన్న తేడాలో 40 నుంచి 53 శాతం దాకా జన్యువులదేనని తేలింది. 2012లో అమెరికాలో కొలనోస్కోపీ చేయించుకున్నవారిని పరిశీలిస్తే, పీచు బాగా తినేవారిలో సంచులేమీ తక్కువగా లేవు. కానీ బ్రిటన్‌లో పీచు ఎక్కువ తినేవారు, శాకాహారులు ఈ జబ్బుతో ఆసుపత్రి పాలవడం తక్కువని 2011లో తేలింది. అంటే సంచి ఏర్పడటం వేరు, అది ముదరడం వేరు కావచ్చు. పొగతాగడం, ఊబకాయం, కదలకుండా కూర్చోవడం, కొన్ని నొప్పిమాత్రలు కూడా ముప్పు పెంచుతాయి.

తరాలుగా పొరుగు రాష్ట్రాల్లో ఉన్న మనల్ని ఎక్కువగా ఆపిన సంగతి ఒకటుంది. పాశ్చాత్యుల్లో సంచులు పేగుకు ఎడమవైపు వస్తే, జపాన్‌వారిలో ఎక్కువగా కుడివైపు వస్తాయి. హవాయికి వలసవెళ్లిన జపాన్ కుటుంబాల్లో జబ్బు పెరిగింది, కానీ కుడివైపే ఉండిపోయింది. కొత్త ఊరి తిండి జబ్బును పెంచినా, అది వచ్చే చోటును పుట్టింటి రక్తమే నిర్ణయించినట్టుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చిన రోజున మాత్రం పీచు వైద్యం మొదలుపెట్టకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.