వేరును పరీక్షకు పెట్టిన హకీం

ఢిల్లీ బల్లీమారాన్‌లోని షరీఫ్ మంజిల్ తరతరాల యునానీ వైద్యులకు నిలయం. ఆ ఖాన్‌దాన్‌లోనే హకీం అజ్మల్ ఖాన్ 1868లో జన్మించారు. చిన్నతనంలోనే ఖుర్‌ఆన్ కంఠస్థం చేసి హాఫిజ్ అయ్యారు. అరబ్బీ, ఫార్సీ చదువుకుని, ఇంటి పెద్దల వద్దనే తిబ్బీ విద్య నేర్చుకున్నారు. 1892లో రాంపూర్ నవాబు ఆస్థాన వైద్యులయ్యారు.

నాడి పట్టి రోగం చెప్పడంలో ఆయన పేరు దేశమంతా మారుమోగింది. అంతటి వ్యక్తి తాతల నాటి నుస్ఖాలతోనే గౌరవంగా జీవితం గడిపేయవచ్చు. హకీం సాహెబ్ అలా చేయలేదు. 1911లో యూరప్ వెళ్ళి అక్కడి ఆసుపత్రులను కళ్ళారా చూసి వచ్చారు. ఢిల్లీలో ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలకు 1916లో వైస్రాయ్ హార్డింజ్ పునాదిరాయి వేయగా, 1921లో గాంధీజీ దానిని ప్రారంభించారు. వైద్యులు, హకీములు ఒకే కప్పు కింద చదివారు. శరీర నిర్మాణ శాస్త్రం కూడా పాఠ్యాంశమైంది. తన హిందుస్తానీ దవాఖానా ఆదాయాన్ని ఆయన ఈ కళాశాలకే ధారపోశారు. 1920లో జామియా మిల్లియాకు తొలి అమీర్ కావడం, 1921లో అహ్మదాబాద్ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించడం అందరికీ తెలిసినవే.

తక్కువమందికి తెలిసినది మరొకటి ఉంది. మన మూలికల్లో రోగం మీద నిజంగా పనిచేసే పదార్థం ఏదో తేల్చాలని ఆయన పట్టుబట్టారు. పూర్వీకులు చెప్పారు కనుక మంచిదే అని ఊరుకోవడం సులభం. ఆ మాట అనేవారికి నేటికీ కొదవ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రసాయన శాస్త్రంలో 1927లో డాక్టరేట్ పొందిన సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే యువకుడికి ఆయన ఈ పరిశోధన అప్పగించారు. ఫలితం చూసే భాగ్యం మాత్రం ఆయనకు దక్కలేదు. అదే ఏడాది డిసెంబర్ 29న కన్నుమూశారు.

సిద్దిఖీ చేతికి తీసుకున్న వేరు సర్పగంధ. ఉర్దూలో అస్రోల్ అంటారు, మన వైపు పాతాళగంధి అని కూడా పిలుస్తారు. బీహార్ పల్లెల్లో దానికి పాగల్ కీ దవా అనే పేరుండేది. మతి చలించినవారికి, నిద్ర పట్టనివారికి ఇచ్చేవారు. 1931లో సిద్దిఖీ ఆ వేరు నుంచి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి తన పెద్ద దిక్కు పేరుతో అజ్మలీన్ అని నామకరణం చేశారు. ఆ వేరు పొడి ఉన్మాదాన్ని శాంతింపజేస్తుందని, రక్తపోటు తగ్గిస్తుందని కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అదే ఏడాది ప్రకటించారు.

మనసు మీద ప్రధానంగా పనిచేసే పదార్థం వేరే ఉందని తర్వాత తేలింది. 1952లో స్విట్జర్లాండ్‌లో రెసర్పీన్‌ను వేరుచేశారు. రెండేళ్ళకు న్యూయార్క్‌లో నేథన్ క్లైన్ మానసిక రోగులపై దాని ప్రభావాన్ని వెల్లడించారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రెసర్పీన్ ఇవ్వగా అవి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. మెదడులో డోపమీన్ పాత్రను అర్థం చేసుకోవడానికి ఆ పరీక్ష దారి చూపింది. పార్కిన్సన్స్ వ్యాధికి మందు కూడా ఆ దారిలోనే దొరికింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే పరీక్ష మేలును మాత్రమే చూపించదు. రక్తపోటుకు రెసర్పీన్ వాడిన కొందరు తీవ్రమైన దిగులులో పడ్డారని 1950లలోనే వైద్యులు రాశారు. మోతాదు మించితే నాడి మందగిస్తుంది, మత్తు కమ్ముతుంది. బజారులో సీసాలో అమ్మే పొడిని ఇంట్లో ముసలివారికి నిద్ర కోసం కలిపి ఇచ్చేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. మూలిక కదా, హాని ఏముంటుందనే మాట ఈ వేరు విషయంలో చెల్లదు.

అజ్మలీన్ పని మనసు మీద కాదు, గుండె మీద అని తేలింది. గుండె లయలో దాగిన బ్రుగాడా అనే లోపాన్ని బయటపెట్టడానికి యూరప్ ఆసుపత్రుల్లో నేడు ఆ మందునే నరంలోకి ఎక్కించి ఇ.సి.జి. తీస్తున్నారు.